అలకని జానెడు గోడ

ఇళ్ళకు మందు కొట్టడం పెద్ద పనేం కాదు. తలుపు తీయించడమే పెద్ద పని. రామ్‌చందర్‌కు ఆ సంగతి ఆరేళ్ళుగా తెలుసు. ఏటా జూన్‌లో, తొలకరికి ముందు, మలేరియా వాళ్ళు కూలికి పెట్టుకొనే మనుషుల్లో అతనొకడు. బకెట్‌లో తెల్లపొడి కలపాలి. ఒకడు పంపు కొడుతుంటే ఇంకొకడు పొడుగాటి గొట్టం పట్టుకొని గోడల్ని పైనుంచి కిందిదాకా తడపాలి. ఆఖరున గడప పక్కన ఎర్రరంగుతో తేదీ వేసి, ఇంట్లో గదులెన్నో, కొట్టినవెన్నో రాయాలి. అంతే పని. కానీ అతని సొంత ఊరు బోడగుట్ట తండాలో ఆ గడప దాకా పోనిచ్చేదెవరు?

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు దిగి, అడవిలోకి బండిబాటన నాలుగు మైళ్ళు పోతే తండా వస్తుంది. నలభై ఇళ్ళు, మట్టిగోడలు, చుట్టూ పత్తిచేలు, వెనక వాగు. వానలు పడ్డాయంటే ఆ వాగు గుంటల్లో పుట్టే దోమలన్నీ తండా మీదే పడతాయి. అయినా తండా ఆడవాళ్ళకు దోమ మీద కోపం లేదు. వాళ్ళ పగంతా నల్లుల మీద.

పగ ఉండదా మరి! నులక మంచం అల్లికలో నల్లులు, దూలాల సందుల్లో నల్లులు, చంటిపిల్లల బొంతల కుట్లలో నల్లులు. మంచాలు ఎండకేసి మరిగే నీళ్ళు పోశారు. వేపాకు పొగ పెట్టారు. సందుసందుకూ కిరసనాయిలు పూశారు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేవి. పైగా సర్కారు తెల్లపొడి వాటిని చంపదు, రేపుతుంది. మందు కొట్టిన మర్నాడే గోడ పగుళ్ళలో దాక్కున్నవన్నీ బారులు తీరి బయటికొచ్చేవి. కళ్ళారా చూసినవాళ్ళు ఇంకేమనుకుంటారు? ఆ పొడివల్లే నల్లులు పుడుతున్నాయని తేల్చేశారు. మొహమాటానికి ఒకరిద్దరు కొట్టనిచ్చినా, వారం తిరక్కుండా ఎర్రమట్టి, పేడ కలిపి గోడలన్నీ అలికేసేవాళ్ళు. మందు మట్టికింద పడి ఉండేది, దోమ దర్జాగా మట్టి మీద వాలేది.

పోయినేడైతే మందువాళ్ళను తండా పొలిమేరలోనే ఆపి వెనక్కి పంపారు. ఆ శ్రావణంలో రామ్‌చందర్ భార్య లాలి ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చొని దుప్పటి అడిగింది. మూడోరోజుకు మొగుణ్ణి గుర్తుపట్టలేదు. జ్వరం తలకెక్కిందని తెలిసి ఆటోలో వేసుకొని పోతుంటే దారిలోనే పోయింది. తొమ్మిదేళ్ళ కూతురు భానుకు కూడా ఆ వానల్లో రెండుసార్లు చలిజ్వరం వచ్చింది. బతికిందే గాని పుల్లలా అయిపోయింది. ఇంకోసారి వస్తే తట్టుకోదని దవాఖానాలో చెప్పారు. ఆ మాట రామ్‌చందర్ గుండెల్లో దిగబడిపోయింది. తన ఒక్క ఇంటికి మందు కొట్టుకుంటే సరిపోదు. పక్కింటి గోడమీద బతికిన దోమ తన ఇంటికి రాకుండా ఆగుతుందా? తండాలో ప్రతి గోడా తడవాలి. భాను ప్రాణం ఆ నలభై ఇళ్ళ చేతుల్లో ఉంది.

అందుకే మరుసటేడు, అంటే రెండువేల నాలుగులో, పని మొదలవకముందే ఇంటింటికీ తిరిగాడు. మందు మనుషులకేం చేయదని, పసిపిల్లలకు కూడా ఏం కాదని మీటింగుల్లో విన్న మాటలే చిలకపలుకుల్లా చెప్పాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. తండాలో నలుగురికీ మాట చెప్పే మనిషి రూప్లి, అతనికి వరుసకు అక్క. ఆమె కొడుకు రవికుమార్ సత్తుపల్లిలో లారీ నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. కోడలు ప్రమీల నాలుగు రోజుల కిందటే మగపిల్లాణ్ణి కన్నది. రూప్లి ఆ పసివాణ్ణి గడప దాకా తెచ్చి, బట్ట తీసి చూపించింది. బియ్యపుగింజంత చోటు వదలకుండా ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు.

"నల్లులు చస్తయంటే చెప్పు తమ్మీ, ఇల్లంత నీకే ఇడుస్త. చావకుంటే గడప తొక్కకు" అన్నది.

రామ్‌చందర్ ఇంటికొచ్చి చాలాసేపు అరుగుమీద కూర్చున్నాడు. చూరులో పోయినేడు పత్తిలో పచ్చపురుగుకు కొట్టగా మిగిలిన మందు సీసా ఉంది. దాని మీద పుర్రెబొమ్మ ఉందని అతనికి తెలియదా? తెలుసు. చేలో కొట్టేటప్పుడు గాలికి ఎదురు నిలబడకూడదనీ తెలుసు. అయినా లేచి సీసా దించాడు. భానును రెండు రోజులు మేనత్త ఇంటికి పంపి, బకెట్‌లో సర్కారు పొడితో పాటు దాన్ని కూడా కలిపి ముందు తన ఇంట్లోనే కొట్టాడు. మర్నాడు తలుపు తీసి ఊడిస్తే చేటెడు నల్లులు వచ్చాయి. బొద్దింకలూ, మేకలను పీల్చే గోమార్లూ కూడా వాటితోపాటే చచ్చి పడ్డాయి. ఆ చేట పట్టుకొని రూప్లి ఇంటిముందుకు పోయి నిలబడ్డాడు.

ఆడవాళ్ళంతా మూగారు. చేటలోకి వంగివంగి చూశారు. మా ఇంటికి ముందంటే మా ఇంటికి ముందని వంతులాడుకున్నారు. ఆరేళ్ళలో ఏ మీటింగూ చేయలేని పని ఆ చేట చేసింది. రామ్‌చందర్‌కు ఎంత సంతోషం కలిగిందంటే, లాలి పోయాక మొదటిసారి నవ్వాడు.

జాగ్రత్త లేకుండా చేశాడని అనడానికి లేదు. తిండిగింజలు, కుండలు, బట్టలు అన్నీ బయట పెట్టించాడు. చీకటి పడేదాకా ఎవరూ లోపలికి పోవద్దని ఇంటింటికీ గట్టిగా చెప్పాడు. ఎందుకని ఎవరన్నా అడిగితే మాత్రం ఈసారి సర్కారు మంచి సరుకు పంపిందన్నాడు. పంపు కొట్టే బొజ్జయ్య పక్క గూడెం కోయవాడు. మొదటి బకెట్ దగ్గరే ముక్కు ఎగబీల్చాడు.

"ఇది పత్తిమందు గదా అన్నా."

"నల్లులు చావాలె గద" అన్నాడు రామ్‌చందర్.

బొజ్జయ్య ముఖానికి కట్టుకున్న తువ్వాల ఇంకో చుట్టు బిగించాడు.

రెండోరోజు పొద్దున పదింటికి రూప్లి ఇంటి వంతు వచ్చింది. సామానంతా వాకిట్లో ఉంది. ఇంట్లో ఎవరన్నా ఉన్నారా అని రామ్‌చందర్ అడిగాడు. ఎవరూ లేరన్నది రూప్లి. కోడలూ పిల్లాడూ ఎక్కడని మళ్ళీ అడిగాడు. పక్కింట్లో పడుకోబెట్టానన్నది. అది అబద్ధం. బాలింత బిందె నెత్తిన పెట్టుకొని నీళ్ళ దగ్గర జల్వా పూజ చేసేదాకా బిడ్డతో సహా గడప దాటకూడదని తండా కట్టుబాటు. ఆ పూజకు ఇంకా మూడు రోజులుంది. అట్లాగని వెనక గది వదిలేయమంటే ఎట్లా? పిల్లాణ్ణి నల్లులు తింటున్నది ఆ గదిలోనే. అందుకని రూప్లి తనకు తోచిన ఉపాయం తను చేసింది. వెనక గదిలో ఖాళీ వడ్లగుమ్మి పక్కన గోనెపట్టాలు వేలాడదీసి, వాటి వెనక కోడల్నీ పిల్లాణ్ణీ పడుకోబెట్టి, చప్పుడు చేయొద్దన్నది. పూర్వం ఆమె అత్తను కూడా మందు కొట్టినప్పుడు అట్లాగే పడుకోబెట్టేవాళ్ళు, ముసలామెకు తుమ్ములు తప్ప ఏమీ కాలేదు. పసిపిల్లలకు కూడా ఏం కాదని చెప్పినవాడు ఆ తమ్ముడే.

కిటికీ లేని గది. ఎండలోంచి లోపలికొచ్చిన కళ్ళకు గుమ్మి తప్ప ఏమీ ఆనలేదు. గోనెపట్టాల వెనక బయటికి మోయలేని విత్తనాల బస్తాలు ఉన్నాయి, అటు కొట్టొద్దని రూప్లి బయటినుంచే కేకేసింది. రామ్‌చందర్ సరేనని అటు గొట్టం తిప్పలేదు. మిగతా మూడు గోడలూ, పైన దూలాలూ నిండా తడిపి బయటికొచ్చాడు. తలుపు చేరవేసి, గడప పక్కన ఎర్రరంగుతో తేదీ వేసి, కింద రాశాడు. గదులు 2. కొట్టినవి 2.

ఆ తరవాత నాలుగో ఇంట్లో ఉండగా అరుపులు వినపడ్డాయి. వచ్చి చూసేసరికి ప్రమీల గడపమీద బోర్లా పడి ఉంది. సగం లోపల, సగం బయట. కక్కుకుంటోంది. చేతులు ముందుకు చాచి పిల్లాణ్ణి వాకిట్లో ఎండలో పెట్టింది. వాడి నోటివెంట నురగ కారుతోంది, కాళ్ళు చిన్నగా కొట్టుకుంటున్నాయి. ఏం జరిగిందో ఆ వాకిట్లో రామ్‌చందర్‌కూ బొజ్జయ్యకూ మాత్రమే తెలుసు. బొజ్జయ్య పంపు కిందపెట్టి తల వంచుకున్నాడు.

పిల్లాణ్ణి రామ్‌చందరే ఎత్తుకున్నాడు. ఆటోలో దవాఖానాకు పోయేంతసేపూ ఆ నురగను తువ్వాలతో తుడుస్తూనే ఉన్నాడు. డాక్టరు మీటింగుకు పోయాడట, నర్సు ఒక్కతే ఉంది. పిల్లాడి కనురెప్ప ఎత్తి చూసింది, ఛాతీ మీద చెవి పెట్టింది. ఏం జరిగిందని అడిగితే రూప్లి ఏడుస్తూ మలేరియా మందు కొట్టారని చెప్పింది. నర్సు తల అడ్డంగా ఊపింది.

"ఆ పొడితోని గిట్ల కాదు. పత్తిమందు ఏమన్న తగిలిందా? తగిలితే చెప్పుండ్రి, దానికి విరుగుడు సూది నా దగ్గర ఉంది. కాకుంటే గా సూది ఇంత పసిపానానికి ఊరికె ఇయ్యలేను."

అందరూ రామ్‌చందర్ వైపు చూశారు. మందు కలిపినవాడు అతనే కదా.

అతనికి జైలు గుర్తుకు రాలేదు, ఉద్యోగం గుర్తుకు రాలేదు. గోడలు గుర్తుకొచ్చాయి. ఈ మాట చెప్తే చీకటి పడేలోగా తండాలో ప్రతి ఆడమనిషీ మట్టి కలుపుతుంది, తడిపిన గోడలన్నీ అలికేస్తారు. ఇక ఈ జన్మలో తండాలో మందువాణ్ణి అడుగుపెట్టనివ్వరు. తరవాత శ్రావణం వస్తుంది. భాను ఎండలో కూర్చొని దుప్పటి అడుగుతుంది. ఒళ్ళో మరొకరి బిడ్డ కొట్టుకుంటుంటే అతనికి తన బిడ్డే కనపడింది. మనిషి అంత నీచంగా లెక్క వేస్తాడా అంటే, వేస్తాడు. వేయడానికి రెప్పపాటు చాలు.

"సర్కారు మందే సిస్టర్. ఇంకేం కలపలే" అన్నాడు.

నర్సు అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసి, ఇంకేదో సూది వేసి, పెద్ద దవాఖానాకు తీసుకుపోవాలని జీపు కోసం ఫోన్ చేయడానికి లోపలికి పోయింది. ప్రమీలకు సెలైన్ పెట్టారు. వరండాలో రూప్లి ఒళ్ళో పిల్లాడి ఊపిరి ఆగుతూ అందుతూ ఉంది. రామ్‌చందర్ ఆ చప్పుడు భరించలేక లేచి, నర్సు గది గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పేద్దామనే లేచాడు. ఆ సంగతి నిజం. నర్సు ఫోన్ చెవినుంచి తీయకుండానే ఏందని అడిగింది. అతను నోరు తెరిచాడు.

"బండి వస్తుందా సిస్టర్?" అని అడిగాడు.

బండి వచ్చేసరికి దానితో పని లేకుండా పోయింది. కాగితంలో ఫిట్స్ అని రాశారు.

పేరు కూడా పెట్టని పిల్లాణ్ణి తండా అవతల పూడ్చిపెట్టి వచ్చాక, ఎందుకు పోయాడన్నది పెద్దలు కూర్చొని తేల్చారు. మందు కాదు, నల్లులు కాదు. పూజ కాకుండా బాలింత గడప దాటింది, అదీ కారణం. ముందుగా ఆ మాటన్నది రూప్లే. సత్తుపల్లి నుంచి వచ్చిన రవికుమార్ పెళ్ళానికి వీపు తిప్పి పడుకున్నాడు. నలుగురూ ప్రమీలను చూస్తే ముఖం తిప్పుకొని పోయేవాళ్ళు. ఊపిరి ఆడక బిడ్డను పట్టుకొని పాక్కుంటూ వచ్చిన మనిషిని పట్టుకొని, ఎందుకు పాకావని అడిగారన్నమాట. రామ్‌చందర్ ఆ పెద్దల మధ్యే కూర్చున్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు.

దవాఖానానుంచి వచ్చిన ప్రమీలను పలకరించడానికి అతను మూడోరోజు పోయాడు. పోకపోతే బాగుండదని పోయాడు. పాలు గడ్డకట్టి జ్వరంతో గోడకానుకొని కూర్చున్నదామె. ఎటో చూస్తూ ఒకే మాట అన్నది.

"పత్తిచేను వాసన వచ్చింది మామా."

రామ్‌చందర్ లేచి వచ్చేశాడు. ఆ రోజే సీసాను వాగు అవతల లోతుగా పాతిపెట్టాడు. ప్రమీల మాత్రం ఆ మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదు. అన్నా నమ్మేదెవరు?

ఆ వానాకాలం తండాలో ఒక్కరూ పోలేదు. నలుగురికి జ్వరాలొచ్చి మాత్రలతో తగ్గాయి. భాను ఎగురుతూ బడికి పోయింది, ముఖం కళ తేరింది. రామ్‌చందర్ మాటమీద మూడు నెలలు ఎవరూ గోడ అలకలేదు. సూపర్‌వైజర్ పై అధికారిని జీపులో తీసుకొచ్చి, తలుపులు తీయించింది ఇతనేనని చూపించాడు. అధికారి చేయి కలిపాడు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో రామ్‌చందర్‌కు తెలియలేదు. కూతురు అన్నం తింటుంటే చూసి సంతోషపడేవాడు, ఆ వెంటనే ముద్ద మింగుడు పడేది కాదు. ఏడాదంతా అట్లాగే గడిచింది.

దీపావళికి ఇళ్ళన్నీ అలికారు. ప్రమీల కూడా అలికింది. గడప పక్కన జానెడు చోటు మాత్రం వదిలేసింది. ఎర్రరంగు తేదీ, కింద గదులు 2, కొట్టినవి 2. పండగపూట గోడమీద ఆ మచ్చేమిటని రూప్లి తిట్టింది. పుట్టింటికి పొమ్మన్నది. ప్రమీల తిట్లన్నీ తిని, నెలనెలా అలికినప్పుడల్లా ఆ జానెడు చోటు చుట్టూ చేయి తిప్పుకొని పోయేది.

మళ్ళీ జూన్ వచ్చింది. బొజ్జయ్య పనికి రానన్నాడు, పంపుకు కొత్తవాణ్ణి పెట్టుకున్నారు. ఈసారి బకెట్‌లో సర్కారు పొడి తప్ప ఏమీ లేదు. ఆ వాసన చూడగానే ఆడవాళ్ళకు అనుమానం వచ్చింది. నల్లులు మళ్ళీ పెరిగాయి కదా, వాళ్ళకు కావలసింది పోయినేటి సరుకు. ఇది అది కాదని, నల్లులు రేగుతాయని రెండిళ్ళవాళ్ళు అప్పుడే తలుపులు వేసుకున్నారు. రామ్‌చందర్ రూప్లి వాకిట్లోకి వచ్చేసరికి వెనక పదిమంది చేరారు. ఆమె ఏమంటే తండా అదే అంటుంది.

రూప్లి మెత్తగానే అడిగింది. "పోయినేడు ఒక్క నల్లి మిగలలే తమ్మీ. గదే మందు కొట్టు."

సర్కారు మందు మార్చిందని అతను చెప్పాడు. ఒక అబద్ధం అలవాటయ్యాక రెండోది నాలుక చివరే ఉంటుంది. మారిస్తే మాకొద్దులే అన్నది రూప్లి. వెనక ఉన్నవాళ్ళు కదలబోయారు.

అప్పటిదాకా ప్రమీల సామాను బయటికి మోస్తోంది. ఆమెకు మళ్ళీ ఆరో నెల. ఆఖరి కుండ తెచ్చి వాకిట్లో పెట్టి, నడుం మీద చేయి వేసుకొని, రామ్‌చందర్ ముందు నిలబడి మాట్లాడింది. ఏడాది తరవాత అతనితో మాట్లాడడం అదే మొదటిసారి.

"గదే కలుపు మామా. ఈసారి నేను బయట్నే ఉంట."

కోడలు కూడా అదే అడుగుతోందని రూప్లి సంబరపడింది. ఆమెకేమీ అర్థం కాలేదు. రామ్‌చందర్‌కు అర్థమైంది. ప్రమీల కళ్ళల్లో కోపం లేదు, ఆమె ఎదురుచూస్తోంది. ఏడాదినుంచి ఎదురుచూస్తోందని అతనికి అప్పుడు తెలిసింది. గోడమీద ఆమె వదిలిన చోటు అతను ఇన్నాళ్ళూ చూడకుండా తప్పించుకు తిరిగాడు. ఇప్పుడు చూశాడు. తన దస్తూరీనే.

గొట్టం కింద పెట్టి గడప పక్కన నేలమీద కూలబడ్డాడు.

"పోయినేటిది సర్కారు మందు కాదక్కా. పత్తిమందు కలిపిన. దవాఖానాల సిస్టర్ అడిగింది, సూది ఉన్నదన్నది. నేను చెప్పలే. నీ మనుమడు గడప దాటితే పోలే. నేను చెప్పక పోయిండు."

రూప్లి ఒకసారి కోడలివైపు, ఒకసారి తమ్ముడివైపు చూసి, నోట్లో కొంగు కుక్కుకొని కింద కూర్చుండిపోయింది. ఎవరో రామ్‌చందర్‌ను వీపుమీద తన్నారు. ఇంకెవరో బకెట్ తన్నేస్తే తెల్లటి నీళ్ళు వాకిలంతా పారాయి. అతను చేయి అడ్డం పెట్టుకోలేదు. ప్రమీల పొయ్యి పక్కన నానబెట్టిన ఎర్రమట్టి దగ్గరికి పోయి, దోసెడు ముద్ద తీసుకొచ్చి, ఎవరివైపూ చూడకుండా ఆ జానెడు చోటు అలకడం మొదలుపెట్టింది. మొదట తేదీ పోయింది. తరవాత అంకెలు పోయాయి. అలికినంతసేపూ ఆమె ఏడుస్తూనే ఉంది, చేయి మాత్రం ఆగలేదు.

పోలీసులు వచ్చారు, తీసుకుపోయారు, పదిహేను రోజులకు వదిలారు. కేసు నడుస్తుందన్నారు. మలేరియా పనిలోంచి పేరు కొట్టేశారు. ఆ ఏడు మందువాళ్ళు మళ్ళీ తండాకు రాలేదు. వచ్చినా తలుపు తీసేవాళ్ళెవరూ లేరు. రామ్‌చందర్ కొట్టిన గోడ అన్న మాటే ఉండకూడదని ఆడవాళ్ళు ఇల్లిల్లూ రెండేసిసార్లు అలికారు. భానును మేనత్త ఇంటికి పంపుదామంటే, ఆమె కూడా ముఖాన తలుపు వేసింది. వానలు బాగా పడ్డాయి. వాగు గుంటలు నిండాయి.

శ్రావణం రెండో వారంలో మిట్టమధ్యాహ్నం, ఎండలో అరుగుమీద కూర్చొని భాను దుప్పటి అడిగింది.